గుర్తుల చరిత్ర – 9: తెగిన వృత్తం

పైభాగాన కొద్దిగా తెగిన వృత్తం, ఆ తెగిన చోటి నుండి లోపలికి దిగిన నిలువు గీత. టెలివిజన్ రిమోట్ మీద, కంప్యూటర్ మీద, వాషింగ్ మెషీన్ మీద, సెట్‌టాప్ బాక్సు మీద ఒకే రూపంలో కనిపించే ఈ గుర్తును నేడు చదువు వచ్చినవారూ రానివారూ ఒకే విధంగా గ్రహిస్తున్నారు. దీన్ని నొక్కితే పరికరం నడుస్తుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది అన్నదే అందరూ దానికి చెప్పుకొనే అర్థం. కాని దీన్ని ప్రమాణ పట్టికలో చేర్చిన అంతర్జాతీయ సంఘం మొదట దానికి ఇచ్చిన అర్థం వేరు. పరికరం పూర్తిగా ఆగిపోలేదనీ, దానిలో ఒక భాగం కరెంటుతో మేలుకొనే ఉండి పిలుపు కోసం కాచుకొని ఉందనీ చెప్పడమే ఆనాడు ఆ గుర్తు పని. దాదాపు మూడు దశాబ్దాల పాటు ప్రమాణ గ్రంథాల్లో ఒక అర్థమూ, జనం వాడుకలో మరొక అర్థమూ నడిచిన తరువాత, 2004లో ఒక ప్రముఖ ఇంజినీర్ల సంస్థ జనం అర్థాన్నే ప్రమాణంగా అంగీకరించింది. గుర్తుల చరిత్రలో వాడుక శాసనాన్ని జయించిన సందర్భాలు లేకపోలేదు గాని, ఇంత స్పష్టంగా జయించినవి తక్కువ. ఆ జయంలో కొంత నష్టం కూడా ఉంది.

విద్యుద్దీపం ఇళ్ళలోకి ప్రవేశించిన తొలి రోజుల్లో గుర్తుల అవసరమే కలగలేదు. థామస్ ఎడిసన్ 1882 సెప్టెంబరు 4న న్యూయార్కు నగరంలోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుండి విద్యుత్ సరఫరా ప్రారంభించినప్పుడు, దీపం వెలిగించడమంటే అగ్గిపుల్ల గీయడమే అని అలవాటుపడిన జనానికి కొత్త పద్ధతిని నేర్పవలసి వచ్చింది. అందుకే ఆనాటి హోటలు గదుల్లో, ఈ దీపాన్ని అగ్గిపుల్లతో వెలిగించే ప్రయత్నం చేయవద్దనీ తలుపు పక్కన గోడకున్న మీటను తిప్పితే చాలుననీ తెలిపే పలకలు తగిలించారు. అప్పటి మీటలకు మరొక చిక్కు ఉండేది. లోపలి రెండు లోహపు కొనలు మెల్లగా ఎడమయ్యేటప్పుడు వాటి మధ్య గాలిలోనే కరెంటు మెరుపులా సాగి, కొనలను కాల్చివేసేది, ఒక్కొక్కసారి నిప్పు అంటించేది. ఒకే దిశలో ప్రవహించే ఏకముఖ విద్యుత్తులో ఈ మెరుపు తనంతట తాను ఆరదు కనుక ప్రమాదం మరింత ఎక్కువ. ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరానికి చెందిన ఇంజినీరు జాన్ హెన్రీ హోమ్స్ 1884లో, చేతి వేగంతో నిమిత్తం లేకుండా స్ప్రింగు బలంతో ఆ కొనలు టక్కున విడిపోయే మీటను రూపొందించి ఈ సమస్యను పరిష్కరించాడు. నేటికీ గోడమీద స్విచ్ వేసినప్పుడు వినిపించే ‘టక్’ మనే చప్పుడుకు మూలం అక్కడ ఉంది. ఆ చప్పుడే ఒక విధంగా తొలి గుర్తు: కరెంటు వచ్చిందో పోయిందో చెవి ద్వారా, వేలి ద్వారా నిస్సందేహంగా తెలిసేది.

మీట ఏ వైపుకు ఉంటే దీపం వెలుగుతుందనే విషయంలో దేశాలు ఏకాభిప్రాయానికి రాలేదు. బ్రిటన్‌లో మీటను కిందికి నొక్కితే దీపం వెలగడం, అమెరికాలో పైకి ఎత్తితే వెలగడం ఆచారమయ్యాయి. భారతదేశం విద్యుత్ పద్ధతులను బ్రిటన్ నుండే స్వీకరించింది కనుక ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఇళ్ళలో స్విచ్ కిందికే పడుతుంది. ఇక్కడి నుండి అమెరికా వెళ్ళి కాపురం పెట్టినవారికి అక్కడి గోడమీటలన్నీ తలకిందులుగా బిగించినట్టు తోచడానికి కారణం ఇదే. కాబట్టి మీట నిలిచిన తీరును బట్టి దాని స్థితిని ప్రపంచమంతటా ఒకేలా గుర్తుపట్టడం సాధ్యం కాదని తేలిపోయింది. పేరు రాసి ఉంచడమే మిగిలిన మార్గం. ఇంగ్లీషు యంత్రాల మీద ‘ఆన్’, ‘ఆఫ్’ అనీ, జర్మన్ యంత్రాల మీద ‘ఐన్’, ‘ఔస్’ అనీ, ఫ్రెంచి యంత్రాల మీద ‘మార్ష్’, ‘అరే’ అనీ ముద్రించేవారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత యూరపులో సరిహద్దులు దాటి సాగిన వ్యాపారం పెరిగేకొద్దీ, ఒకే రేడియోకు, ఒకే ఆసుపత్రి యంత్రానికి దేశానికొక ముఖఫలకం తయారుచేయడం తయారీదారులకు భారమైంది. ధన నష్టం కన్నా పెద్ద చిక్కు ప్రాణ భద్రతది. ప్రమాద సమయంలో యంత్రాన్ని ఆపవలసిన మనిషికి దాని మీది భాష రాకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు పదాల వద్ద సమాధానం లేదు.

ఆ సమాధానం చెప్పవలసిన సంస్థ అప్పటికే ఉంది. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో జరిగిన విద్యుత్ మహాసభ, విద్యుత్ యంత్రాలకు సంబంధించిన పేర్లు, కొలతలు అన్ని దేశాల్లో ఒకే విధంగా ఉండాలని తీర్మానించగా, 1906 జూన్‌లో లండన్‌లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం ఏర్పడింది. దానిని ఇంగ్లీషు పేరులోని తొలి అక్షరాలతో ఐఈసీ అని పిలుస్తారు. ప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ దానికి తొలి అధ్యక్షుడు. 1948 నుండి దాని కార్యాలయం జెనీవాలో ఉంది. భారతదేశం తరఫున ఈ సంఘంలో పాల్గొనేది బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్, అంటే 1947లో ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్‌గా పుట్టి, 1987లో చట్టబద్ధమైన సంస్థగా మారిన ఐఎస్ఐ ముద్ర సంస్థే. పరికరాల మీద ముద్రించవలసిన గుర్తులను సేకరించి, ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క సంఖ్య ఇచ్చి, ఐఈసీ 1973లో 417వ ప్రమాణంగా వెలువరించింది. 1997లో సంఘం తన ప్రమాణాల సంఖ్యలన్నిటికీ 60,000 కలపడంతో అది 60417 అయింది. నేడు దాదాపు ప్రతి విద్యుత్ పరికరం మీదా ఆ పట్టికలోని గుర్తు ఏదో ఒకటి ఉంటుంది.

పట్టికలో కరెంటు రాకపోకలకు సంబంధించి వరుసగా నిలిచిన నాలుగు గుర్తులను జాగ్రత్తగా పరిశీలించాలి, ఎందుకంటే తరువాతి గందరగోళమంతా వాటి మధ్య ఉన్న సన్నని తేడాల నుండే పుట్టింది. 5007వ గుర్తు ఒంటరి నిలువు గీత. పరికరం సరఫరాకు కలిసి ఉన్నదని దాని అర్థం. 5008వ గుర్తు ఒంటరి వృత్తం. పరికరం సరఫరా నుండి విడిపోయిందని దాని అర్థం. ముఖ్యంగా భద్రతకు సంబంధించిన సందర్భాలన్నిటిలో ఈ రెండింటినీ వాడాలని పట్టిక చెబుతుంది. 5010వ గుర్తు నిండు వృత్తం లోపల నిలువు గీత; ఒకసారి నొక్కితే కలిసి, మరొకసారి నొక్కితే విడిపోయి, ఏ స్థితిలో వదిలితే ఆ స్థితిలోనే స్థిరంగా నిలిచే మీటకు అది వర్తిస్తుంది. ఈ మూడింటిలోనూ వృత్తం ఎక్కడా తెగలేదు, ఈ మూడూ సరఫరాతో కలయిక గురించో విడివడడం గురించో చెబుతాయి. నాలుగవది, వరుసలో వాటి మధ్య నిలిచిన 5009, అలాంటిది కాదు. గీత వృత్తాన్ని చీల్చుకొని పైకి వచ్చిన ఈ గుర్తు స్టాండ్‌బై స్థితిది, అనగా పరికరంలో ఒక భాగానికి మాత్రమే కరెంటు అంది, మిగిలిన భాగం ఆజ్ఞ కోసం ఎదురుచూసే స్థితిది. నిండు వృత్తానికీ తెగిన వృత్తానికీ ఉన్న భేదం గీయడంలో వెంట్రుకవాసి, అర్థంలో మాత్రం మరమ్మతు చేసేవాడి ప్రాణమంత. నిండు వృత్తం ఉన్న మీటను ఆపి పెట్టె విప్పినవాడు సరఫరా తెగిందని ధీమాగా ఉండవచ్చు. తెగిన వృత్తాన్ని నమ్మి విప్పినవాడికి ఆ ధీమా లేదు.

ఈ గీత, వృత్తాల పుట్టుక గురించి ఎక్కువగా ప్రచారంలో ఉన్న కథనం ఒకటి ఉంది: గీత ఒకటి అంకె, వృత్తం సున్నా, రెండూ కంప్యూటర్లు వాడే ద్విసంఖ్యా పద్ధతి నుండి వచ్చాయి, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇంజినీర్లు మీటల మీద వాటిని మొదట వేశారు అన్నది ఆ కథనం. వినడానికి ఇంపుగా ఉన్న ఈ మాటను ప్రమాణ గ్రంథం బలపరచడం లేదు. పట్టిక ఆ గుర్తులను గీతగా, వృత్తంగానే పరిగణిస్తుంది గాని అంకెలుగా కాదు. రెండు అంకెలతోనే సంఖ్యలన్నిటినీ రాయవచ్చని జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ 1703లోనే వ్యాసం ప్రచురించాడు. తర్కాన్ని బీజగణితంగా మార్చే పద్ధతిని జార్జ్ బూల్ 1854లో ప్రకటించాడు. కాని ఆ గణితాన్ని విద్యుత్ మీటలకు అన్వయించి చూపినది మాత్రం అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో చదువుకుంటున్న క్లాడ్ షానన్ 1937లో సమర్పించిన సిద్ధాంత వ్యాసం. అందులో షానన్ మీట కరెంటుకు కలిగించే ఆటంకాన్ని కొలతగా తీసుకున్నాడు. కలిసి ఉన్న మీటలో ఆటంకం లేదు గనుక దానికి సున్నా ఇచ్చాడు, విడిపోయిన మీటకు ఒకటి ఇచ్చాడు. అంటే కంప్యూటర్ యుగానికి పునాది వేసిన ఆ వ్యాసంలో సున్నా అంటే కరెంటు పారుతున్నదని, ఒకటి అంటే ఆగిందని అర్థం, నేటి మీటల మీది క్రమానికి పూర్తిగా వ్యతిరేకం. ద్విసంఖ్యలు మీటలతో కలిసిన తొలి ఘట్టంలోనే క్రమం ఇలా తిరగబడి ఉన్నప్పుడు, గుర్తులు ఆ గణితం నుండి నేరుగా దిగివచ్చాయనడం సాహసమే అవుతుంది. కంప్యూటర్లు వ్యాపించిన తరువాత జనం ఆ రెండు ఆకారాల్లో ఒకటినీ సున్నానూ చూసి అర్థాన్ని గుర్తుపెట్టుకోవడం మాత్రం వాస్తవం, అది మంచి జ్ఞాపక సాధనం కూడా. ఎందుకంటే ఆ సాయం లేకపోతే వృత్తాన్ని చూసినవారు, పూర్తయిన విద్యుత్ వలయం గుండ్రంగా ఉంటుంది గనుక కరెంటు ఉన్నదనే అర్థం చేసుకొనే వీలు కూడా ఉంది.

1973 నాటి ఇళ్ళలో తెగిన వృత్తంతో పని తక్కువ. ట్రాన్సిస్టర్ రేడియోలో ధ్వని పెంచే గుండీని వెనక్కి తిప్పుతూ పోతే చివర టక్కుమని కరెంటు తెగేది, ఆ తరువాత పెట్టె లోపల ఏమీ జరిగేది కాదు. పరికరాలు నిద్రపోవడం నేర్చుకున్నది ప్రధానంగా టెలివిజన్ వల్ల. వాక్యూమ్ ట్యూబులతో నడిచిన పాత టీవీలు వేడెక్కి బొమ్మ చూపడానికి కొంతసేపు పట్టేది కాబట్టి, ఆపిన తరువాత కూడా ట్యూబులను కొంచెం వెచ్చగా ఉంచే నమూనాలను అమెరికన్ తయారీదారులు అమ్మారు. రిమోట్ వచ్చాక కాచుకొని ఉండడం సౌకర్యం మాత్రమే కాక అనివార్యమైంది, ఎందుకంటే దూరం నుండి వచ్చే ఆజ్ఞను వినడానికి టీవీలో ఒక చెవి ఎప్పుడూ తెరిచి ఉండాలి, ఆ చెవికి కరెంటు కావాలి.

ఈ మార్పు ఎంత లోతైనదో తెలియాలంటే డెస్క్‌టాప్ కంప్యూటర్ పెట్టె కన్నా మంచి సాక్ష్యం లేదు, ఎందుకంటే రెండు యుగాల గుర్తులూ ఆ ఒక్క పెట్టె మీదనే ఉంటాయి. పెట్టె వెనుక, సరఫరా తీగ తగిలించే చోట, గీత ఒకవైపు వృత్తం ఒకవైపు ముద్రించిన ఊగుడు మీట ఉంటుంది. దాన్ని వృత్తం వైపు నొక్కితే గోడ నుండి వచ్చే సరఫరా అక్కడికక్కడే తెగిపోతుంది. పెట్టె ముందు భాగాన ఉన్న బొత్తాము మీద తెగిన వృత్తం ఉంటుంది, దానికి ఆ శక్తి లేదు. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అనే నిర్మాణ పద్ధతిని ప్రవేశపెట్టడానికి ముందు ముందరి మీట కూడా సరఫరా తీగనే తెంచేది, అందుకే ఆనాటి విండోస్ 95, పని ముగించిన తరువాత ఇప్పుడు కంప్యూటర్‌ను ఆపివేయవచ్చునని తెర మీద చెప్పి, వాడేవారి చేతి కోసం ఎదురుచూసేది. కొత్త పద్ధతిలో ముందరి బొత్తాము నుండి మదర్‌బోర్డుకు రెండు సన్నని తీగలు మాత్రమే పోతాయి, బొత్తాము నొక్కినంతసేపే అవి కలుస్తాయి, వదిలితే విడిపోతాయి. వెనుక మీట గీత వైపు ఉన్నంతకాలం సరఫరా పెట్టెలోని ఊదారంగు తీగలో అయిదు వోల్టులు నిరంతరం ఉంటాయి, ఆ కొద్ది కరెంటుతో మేలుకొని ఉన్న మదర్‌బోర్డు, బొత్తాము నొక్కిన సంగతి గ్రహించి, ఆకుపచ్చ తీగలోని వోల్టేజీని సున్నాకు దించుతుంది. అప్పుడే మిగిలిన తీగలన్నిటిలోకి కరెంటు వస్తుంది. కంప్యూటర్ బాగుచేసేవారు మదర్‌బోర్డు లేకుండా సరఫరా పెట్టెను పరీక్షించడానికి ఆకుపచ్చ తీగను పక్కనున్న నల్ల తీగకు కలపడం ఈ కారణం చేతనే. బొత్తాము ఇక మీట కాదు, విన్నపం. ఆ విన్నపాన్ని మన్నించాలా, నిద్రపోవాలా, ఏమీ చేయకుండా ఉండాలా అన్నది లోపలి ప్రోగ్రాము నిర్ణయిస్తుంది. అది మొండికేసినప్పుడు బొత్తామును నాలుగు సెకన్లు నొక్కిపట్టి బలవంతంగా ఆపే ఏర్పాటును 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి వెలువరించిన ఏసీపీఐ నిర్దేశంలో చేర్చారు.

లక్షలాది ఇళ్ళలో ఇలా కాచుకొని ఉండే పరికరాలు పెరిగేసరికి విషయం విద్యుత్ బిల్లుల దాకా వచ్చింది. ఒక్క వాట్ చొప్పున ఏడాదిలోని 8,760 గంటలూ లాగే పరికరం 8.76 యూనిట్లు ఖర్చు చేస్తుంది. పది వాట్లు లాగితే 87.6 యూనిట్లు, ఏ పనీ చేయకుండానే. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1992లో ఎనర్జీ స్టార్ పథకాన్ని మొదలుపెట్టి, వాడనప్పుడు తమంతట తాము నిద్రలోకి జారే కంప్యూటర్లను, మానిటర్లను ప్రోత్సహించింది. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలకు చెందిన ఎలన్ మేయర్, కాచుకొని ఉండే పరికరం ఏదైనా ఒక వాట్‌కు మించి లాగకూడదనే ప్రతిపాదన చేయగా, 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ దాన్ని లక్ష్యంగా స్వీకరించింది. 2001 జూలైలో అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్, ప్రభుత్వ శాఖలు అటువంటి పరికరాలనే కొనాలని ఉత్తర్వు జారీచేశాడు. యూరపు సమాజం 2008లో చేసిన నిబంధన ప్రకారం అక్కడ అమ్మే గృహోపకరణాలకు 2010 నుండి ఒక వాట్, 2013 నుండి అర వాట్ సాధారణ పరిమితి అయింది.

సాంకేతికంగా సాధించిన ఈ పొదుపు మనుషుల చేతుల్లోకి వచ్చేసరికి జారిపోతున్నదని అదే బర్క్‌లీ ప్రయోగశాలలోని బ్రూస్ నార్డ్‌మన్ గమనించారు. ఒక్కొక్క పరికరం మీద ఒక్కొక్క పదం, ఒక్కొక్క రంగు దీపం, ఒక్కొక్క గుర్తు ఉండడం వల్ల, తన యంత్రం నిద్రపోతున్నదో ఆగిపోయిందో చెడిపోయిందో వాడేవారికి తెలియడం లేదు. తెలియనప్పుడు వారు నిద్రపోయే ఏర్పాటునే తీసివేసి ఎల్లవేళలా యంత్రాన్ని నడిపిస్తున్నారు. కాలిఫోర్నియా ఇంధన కమిషన్ ఆర్థిక సహాయంతో సాగిన ఆ పరిశోధన ఫలితంగా, విద్యుత్, ఎలక్ట్రానిక్ ఇంజినీర్ల సంస్థ అయిన ఐఈఈఈ 2004లో 1621వ ప్రమాణాన్ని ఆమోదించింది. యంత్రానికి ఉండే ప్రాథమిక స్థితులు మూడేనని, అవి నడవడం, నిద్ర, ఆగడమని అది నిర్దేశించింది. నడుస్తున్నప్పుడు ఆకుపచ్చ దీపం, నిద్రలో పసుపు నారింజ కలిసిన రంగు దీపం, ఆగినప్పుడు దీపం లేకపోవడం, నిద్రకు నెలవంక గుర్తు అందులోని అంశాలు. తెగిన వృత్తాన్ని స్టాండ్‌బై గుర్తుగా కాక, పరికరాన్ని నడిపి ఆపే సాధారణ పవర్ గుర్తుగా అది ప్రకటించడం వీటన్నిటిలోకీ ముఖ్యమైనది. కారణం సూటిగానే ఉంది: జనం ఆ గుర్తుకు అప్పటికే ఆ అర్థం చెప్పుకొంటున్నారు, జనం నేర్చుకోని తేడాను గుర్తు ఒంటరిగా నేర్పలేదు.

వాడేవారి పక్షాన నిలిచిన ఆ నిర్ణయం సరైనదే, ఎందుకంటే ఎవరికీ అందని సూక్ష్మత ఎంత ఖచ్చితమైనదైనా ప్రయోజనం లేనిది. కాని తెగిన వృత్తంలో ఒక హెచ్చరిక ఉండేదన్న సంగతి కూడా దానితో మరుగునపడింది, అదీ ఆ హెచ్చరిక అన్నిటికన్నా నిజమవుతున్న కాలంలో. 2021లో వచ్చిన ఐఓఎస్ 15 నుండి, ఐఫోన్ 11, దాని తరువాతి నమూనాల్లో అనేకం పవర్ ఆఫ్ చేసిన తరువాత కూడా తాము ఉన్న చోటును సమీపంలోని పరికరాలకు తెలియజేస్తూనే ఉంటాయి. ఆ ఫోన్లను ఆపడానికి తెర మీద వేలితో జరపవలసిన గుండ్రని గుర్తులో ఉన్నది తెగిన వృత్తమే. 1973 పట్టిక ప్రకారం చదివితే అది పొరపాటు లేకుండా నిజం చెబుతున్నది, 2004 ప్రమాణం ప్రకారం చదివితే మాత్రం ఆగిపోయిన భ్రమ కలిగిస్తున్నది. బ్యాటరీ విడదీయడానికి వీలులేని పరికరాల్లో నిండు వృత్తాన్ని ముద్రించదగిన మీటే నేడు లేదు.

ఈ గుర్తులకు చివరగా అందిన గౌరవం అక్షరాల సరసన చోటు. ప్రపంచ భాషల లిపులన్నిటికీ కంప్యూటర్లలో స్థిరమైన సంఖ్యలు కేటాయించే యూనికోడ్ పట్టికలో తెలుగు అక్షరాలు మొదటి నుండే ఉండగా, ప్రతి ఇంట్లో కనిపించే పవర్ గుర్తుకు చాలాకాలం చోటు దక్కలేదు. వాడుక సూచనల పుస్తకాలు రాసేవారు దాన్ని బొమ్మగా అతికించుకోవలసి వచ్చేది. నార్డ్‌మన్ సహా కొద్దిమంది ఔత్సాహికులు ఆధారాలతో పంపిన ప్రతిపాదనను మన్నించి, 2016 జూన్‌లో వెలువడిన యూనికోడ్ 9.0లో నాలుగు గుర్తులను చేర్చారు: తెగిన వృత్తం, నిండు వృత్తంలోని గీత, ఒంటరి గీత, నెలవంక. ఒంటరి వృత్తానికి మాత్రం కొత్త సంఖ్య అవసరం పడలేదు; పట్టికలో అప్పటికే ఉన్న మందపాటి వృత్తానికే ఆ అర్థాన్ని కూడా జోడించారు. తెగిన వృత్తం అక్కడ చేరినది పవర్ గుర్తు అనే పేరుతో, స్టాండ్‌బై అనే పేరుతో కాదు.

(సశేషం)